చూసినోళ్లకే బిళ్ల

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. ఆయన పోయాడన్న వార్త మా బడి వాట్సాప్ గ్రూపులోకి వచ్చిన పొద్దున ఆ సామెతను కళ్లారా చూశాను. దండాల బొమ్మలు, పూల బొమ్మలు, కన్నీళ్ల బొమ్మలు. "మహానుభావుడు" అని ఒకరు. "ఆకాశాన్ని మా ఊరి నేల మీదికి దించిన గురువు" అని ఇంకొకరు. అలా రాసినవాణ్ని ఆయన తొమ్మిదో తరగతి అంతా గాడిద అని పిలిచాడు. వాడు మరచిపోయాడు. నేను మరచిపోలేదు.

నేను గ్రూపులో ఏమీ పెట్టలేదు. దండం బొమ్మ కూడా పెట్టలేదు. వీళ్లలో ఒక్కరికైనా ఆ రోజు బడి వరండాలో మా అమ్మకు జరిగింది గుర్తుందేమోనని సాయంత్రం దాకా ఆ పొగడ్తలన్నీ చదివాను. ఎవరికీ గుర్తులేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన ఆత్మకూరు పక్కన మా ఊరి ఉన్నత పాఠశాలలో సైన్సు సారు. నేను తెలుగు సారును. ఒకే గదిలో ఎదురెదురు కుర్చీల్లో ఏళ్ల తరబడి కూర్చున్నాం. ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు తలుచుకునేవాళ్లు ఆయనకు చాలామంది ఉన్నారు.

పొడుగు మనిషి. మెడ ఎప్పుడూ కొంచెం వెనక్కి వాలి ఉండేది. ఆకాశం చూసీ చూసీ అలా అయిందని పిల్లలు చెప్పుకునేవారు. మనుషుల తలల మీదుగా చూసే అలవాటు వల్ల అయిందని నా అభిప్రాయం. ఒంటి మీద చేతుల్లేని బూడిదరంగు కోటు. పాలమూరు ఎండలో, మే నెలలో కూడా ఆ కోటు విప్పేవాడు కాదు. ఎందుకంటే ఆయన బిళ్లలన్నీ దాని మీదే ఉండేవి.

బిళ్ల అంటే గుండ్రటి తగరపు బ్యాడ్జీ. ఎన్నికలప్పుడు పార్టీల వాళ్లు చొక్కాలకు తగిలించుకు తిరుగుతారే, అదే. వనపర్తిలో ఫ్లెక్సీలు కొట్టే దుకాణంలో దాన్ని నొక్కే మిషను ఉంది. మిగతా లోకం ఆ మిషను దగ్గరికి నాయకుల ముఖాలు పట్టుకుని పోతే, ఈయన గ్రహాలూ గ్రహణాలూ పట్టుకుని పోయేవాడు. ఆకాశంలో ఏదైనా జరిగిందంటే చాలు, దాని గుర్తుగా ఒక బిళ్ల. కోటు ఎడమవైపు నిండిపోయి కుడివైపుకు పాకింది. నడిచి వస్తుంటే అవి ఒకదానికొకటి తగిలి సన్నగా గలగలమనేవి. మేము తాతల కాలం నుంచీ గొర్లు కాసినవాళ్లం. మెడకు గంట కట్టిన పొట్టేలు ఎంత మెల్లగా నడిచినా దాని రాక దాగదు. ఈయనా అంతే. చప్పుడు వినగానే నేను పుస్తకంలో తల పెట్టేవాణ్ని.

"బిళ్ల బంట్రోతు వస్తుండు చూడున్రి" అని ఒకసారి గట్టిగానే అన్నాను. ఆయన విని కోపం తెచ్చుకోలేదు. కోటు సర్దుకుని, "అవును పండితా. సూర్యుని కచేరీల బంట్రోతును. నీకేమన్న అర్జీ ఉంటే ఇయ్యి, లోపల ఇచ్చొస్త" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. ఆయనతో ఉన్న పెద్ద కష్టం అదే. రాయి వేస్తే పట్టుకుని మనమీదికే విసిరేవాడు, అదీ నవ్వుతూ.

బిళ్ల ఇవ్వడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. ముందుగా బొటనవేలు నాలుకకు అద్దుకుని బిళ్ల ముఖం తుడిచేవాడు. ఎదుటివాడి చొక్కాను జేబు పైన చిటికెడు పట్టి ముందుకు లాగి, చర్మానికి తగలకుండా పిన్ను గుచ్చేవాడు. ఆడపిల్లలకైతే చేతిలో పెట్టేవాడు. తర్వాత ఒకడుగు వెనక్కి వేసి, గోడకు పటం సరిగ్గా పడిందా లేదా అని చూసినట్టు తల వాల్చి చూసేవాడు. అప్పుడు ఒకటే మాట.

"పో. ఇగ నువ్వు సాక్షివి."

ఆ మాట విన్న పిల్లలు ఏదో పదవి దొరికినట్టు ఛాతీ ముందుకు పెట్టుకుని నడిచేవారు. పద్యం అప్పజెప్పినందుకు నేను వీపు తట్టినప్పుడు ఒక్కడూ అలా నడవలేదు.

బిళ్ల అందరికీ దొరికేది కాదు. చూసినోళ్లకే బిళ్ల. ఇది ఆయన శాసనం. రాష్ట్రం వచ్చిన ఏడే మనవాళ్లు పంపిన నౌక అంగారకుని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఆయన మొదటి బిళ్ల దానికే. నౌక ఎలాగూ కనబడదు కాబట్టి, పొద్దుగూకినాక బడి మైదానంలో నిలబడి ఆ ఎర్రచుక్కను చూసినవాళ్లకు ఇస్తానన్నాడు. ఆ రోజు నాకు జ్వరం. మరునాడు బడికి పోతే గదిలో అందరి చొక్కాల మీదా ఎర్రబిళ్లలు. నేను అడగలేదు. ఆయనే నా దగ్గరికి వచ్చి ఖాళీగా ఉన్న నా జేబు వైపు చూశాడు.

"రాలేదేంది పండితా?"

"జరమొచ్చింది సారూ."

"జరమొస్తే చుక్క కనవడదా? మంచం వాకిట్ల ఏసుకుంటె అయిపోవు."

పరామర్శించాల్సిన చోట ఈ మాట. ఇది మొదటిది. మిగతావి దీని వెనక వరుసగా నిలబడి ఉన్నాయి. అన్నీ చెప్పను, రెండు చెబుతాను.

ఒకసారి చంద్రగ్రహణం బిళ్లలు ఎన్నికల రోజుల్లో తయారయ్యాయి. వనపర్తి దుకాణం వాడికి తీరిక లేదు, రేకు లేదు. ఎవరో వద్దన్న పార్టీ బిళ్లలు మిగిలి ఉంటే, వాటి మీదే ఎర్రచంద్రుణ్ని అతికించి ఇచ్చాడు. ఈయన చూసుకోకుండా పిల్లలకు తగిలించాడు. నాలుగు చినుకులు పడేసరికి చంద్రుడు ఊడి, కింద నుంచి చేతులు జోడించి నవ్వుతున్న అభ్యర్థి బయటపడ్డాడు. ఆరో తరగతి మొత్తం ఆ అభ్యర్థి తరఫున ప్రచారం చేస్తున్నట్టుంది. ఎన్నికల వేళ బడిలో ఇది తప్పా కాదా? నేను అర్జీ పెట్టాను. అధికారి వచ్చాడు. ఈయన ఒక పిల్లవాడి బిళ్ల తీసి అధికారి అరచేతిలో పెట్టి ఏమన్నాడో తెలుసా?

"చంద్రుని ఎనుకదిక్కు భూమ్మీదికెంచి ఎవ్వనికి కనవడదు సార్. గిన్నేండ్లకు మా పోరగాండ్లు చూసిన్రు. గీ సారే ఉన్నడక్కడ."

అధికారి పొట్ట పట్టుకుని నవ్వాడు. టీ తాగి వెళ్లిపోయాడు. నా అర్జీ ఆ నవ్వులోనే కొట్టుకుపోయింది.

ఇంకోసారి చంద్రుని మీద దిగబోయిన మన నౌక చివరి క్షణంలో మాట్లాడకుండా పోయింది. దేశమంతా ముఖం వేలాడేసుకుని ఉంటే, వారం తిరక్కముందే ఈయన కోటు మీద కొత్త బిళ్ల. ఉత్త నల్లబిళ్ల, మధ్యలో తెల్లటి చుక్క.

"దిగనిదానికి గూడ బిళ్లనా సారూ?" అన్నాను.

"దిగిననాడే చుట్టమా పండితా? పోయిననాడు కాదా?"

తెలుగు చెప్పేవాడిని నేను. మాటలు మాత్రం ఆయనకు దొరికేవి. ఇది కూడా నాకు నచ్చేది కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. కరోనా రావడానికి ముందు డిసెంబరులో పొద్దున పూట సూర్యగ్రహణం పట్టింది. బడికి సెలవు. అయినా పిల్లలనూ ఊరివాళ్లనూ మైదానానికి రమ్మని ముందురోజే డప్పు కొట్టించాడు. నల్లకళ్లద్దాలు తెప్పించాడు. అంతటితో ఆగలేదు. గ్రహణంలో తింటే ఏమీ కాదని చూపించడానికి రెండు గంపల పల్లికాయ ఉడకబెట్టించాడు. అద్దాలతో సూర్యుణ్ని చూడాలి, గుప్పెడు పల్లీలు తినాలి. రెండూ చేసినవాళ్లకే బిళ్ల.

నేను పోలేదు. మా ఇంట్లో గ్రహణం అంటే అమ్మ రాజ్యం. ఇంట్లో వండినదేదీ ఉంచేది కాదు. ఉప్పు మీద, పచ్చడి మీద గరిక వేసేది. వాకిలి ఊడ్చి అలికి, ఇత్తడి పళ్లెంలో పసుపునీళ్లు పోసి అందులో రోకలి నిలబెట్టేది. రోకలి ఏ ఆసరా లేకుండా నిటారుగా నిలబడితే గ్రహణం పట్టినట్టు, దానంతటది పడిపోతే విడిచినట్టు. మా వాడకట్టు ఆడవాళ్లంతా మా వాకిట్లోకే వచ్చేవారు. అందరి రోకళ్లూ నిలబడవు. మా అమ్మ చేయి పడితేనే నిలబడుతుందని వాళ్ల నమ్మకం. రెండు చేతులతో పట్టుకుని, పసిబిడ్డకు నడక నేర్పేటప్పుడు వదిలినట్టు మెల్లగా వేళ్లు తీసేది. పెళ్లిళ్లకు, పేరంటాలకు ఆమెను ముందుకు పిలిచేవాళ్లు కాదు, నాయిన చిన్నప్పుడే పోయాడు. ఊరంతా ఆమె చేతి వైపు చూసేది గ్రహణం నాడే.

ఆ పొద్దు కూడా రోకలి నిలబడింది. చలిలో ఆమె ఆ పళ్లెం ముందు నుంచి లేవలేదు. "కొడుకా, ఇటు రా, ఇటు రా" అని పిలిచింది. పోయి చూస్తే పసుపునీళ్లలో సూర్యుడు సన్నగా, వంగి, కొడవలిలా మెరుస్తున్నాడు. ఆమె ముఖం మీద ఆ పసుపు వెలుగు ఆడుతోంది.

సాయంత్రానికి వాడకట్టు పిల్లలు బిళ్లలు పెట్టుకుని వచ్చారు. నల్లటి బిళ్ల మీద నారింజరంగు కొడవలి. అమ్మ ఒక పిల్లను దగ్గరికి పిలిచి, ఆ బిళ్లను కళ్లకు ఆనించుకున్నట్టు చూసింది.

"ఇగో, గిట్లనే ఉండె. నా పళ్లెంల గిట్లనే ఉండె" అంది. రాత్రి అన్నం తినేటప్పుడు కూడా అదే మాట.

బడి తెరిచిన రోజు నేను ఎనిమిదో తరగతిలో పద్యం చెబుతున్నాను. వరండాలో కర్ర చప్పుడు, వెంటనే అమ్మ గొంతు వినిపించాయి. ఆమె వస్తున్నట్టు నాకు చెప్పలేదు. బయటికి వచ్చేసరికి ఆయన ముందు నిలబడి ఉంది. చుట్టూ తరగతుల నుంచి బయటికి వచ్చిన పిల్లలు.

"సారూ, నాకొక బిళ్ల ఇయ్యి."

"నీకేంటికవ్వా బిళ్ల?"

"గ్రహణం చూసిన గద."

"మైదానంల కనవడలేదు నువ్వు. యాడ చూసినవ్?"

"మా వాకిట్ల. పళ్లెంల పసుపునీళ్లు పోసి రోకలి నిలవెట్టిన. గా నీళ్లల్ల కొడవలి తీర్గ కనవడ్డడు. విడిచేదాంక లేవలే సారూ, కాళ్లు గుంజినా లేవలే."

ఆయన మెడ వెనక్కి వాల్చి ఆమె తల మీదుగా చూశాడు.

"పల్లీలు తిన్నవా?"

"గ్రహణంల ఎట్ల తింట బిడ్డా?"

"ఇను అవ్వా. నువ్వు చూసింది సూర్యున్ని గాదు, పసుపునీళ్లను. రోకలంటవా, అది గ్రహణం లేకున్నా నిలవడ్తది. రోజూ నిలవడ్తది. రోకలి నిలవెట్టినోళ్లకు బిళ్ల ఇస్తే, రేపు ఇసుర్రాయి తిప్పినోళ్లకు గూడ ఇయ్యాలె."

పిల్లలు పకపకా నవ్వారు. నా తరగతి పిల్లలు కూడా. ఆయన నవ్వలేదు, అది ఇంకా పాపం. నవ్వి ఉంటే వేళాకోళం అనుకుందును. ఆయన నిజంగానే అన్నాడు.

అమ్మ "గట్లనా" అంది. కొంగు సర్దుకుంది. నా వైపు చూడకుండా కర్ర ఊనుకుంటూ గేటు దాటింది.

"సారూ, ఆమె మా అమ్మ" అన్నాను. నా చేతిలో సుద్దముక్క ఇంకా అలాగే ఉంది.

"ఎవలమ్మయితేంది పండితా? లెక్క లెక్కనే. నీకు గూడ ఇయ్యలే గద?"

సోమవారం కలెక్టరు ఆఫీసులో ప్రజావాణికి పోయి అర్జీ ఇచ్చాను. వృద్ధురాలిని బడి ఆవరణలో అవమానించాడని వివరంగా రాశాను. తీసుకున్నాయన చదివి, "బిళ్ల ఇయ్యలేదని అర్జీనా సారూ?" అన్నాడు. బిళ్ల కాదు, మర్యాద అన్నాను. ఏ శాఖకు పంపాలో ఆయనకు తెలియలేదు. నాకూ తెలియలేదు. ఊళ్లో మాత్రం నాకు అర్జీల సారు అని పేరు పడింది. ఆయన చేసినదానికి ఏ పేరూ పడలేదు.

అమ్మ ఆ రోజు నుంచి ఆ ఊసెత్తలేదు. ఒక్కసారి మాత్రం పొయ్యి దగ్గర కూర్చుని, "నాకు కనవడ్డది సూర్యుడు కాదట కొడుకా" అంది, ఎవరో చుట్టాల ఇంటి సంగతి చెప్పినట్టు.

కొన్నేళ్లకు దీపావళి మరునాడు సాయంత్రం మళ్లీ గ్రహణం పట్టింది. వాడకట్టు ఆడవాళ్లు పళ్లేలు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చారు. నేను ఇత్తడి పళ్లెం తోమి పెట్టాను. అమ్మ లోపలి నుంచి రాలేదు.

"అవ్వా, పొద్దుగూకుతాంది. రోకలి నిలవెట్టవా?" అని పక్కింటి వదిన అడిగింది.

"మీరు పెట్టుకోన్రి బిడ్డా. నాకు చూడరాదట."

వదిన ఎన్నిసార్లు నిలబెట్టబోయినా రోకలి పక్కకు ఒరిగింది. ఒక్కొక్కరే పళ్లేలు ఎత్తుకుని వెళ్లిపోయారు. మా వాకిలి అంత ఖాళీగా నేనెప్పుడూ చూడలేదు. ఒక్క తగరపు ముక్క ఇవ్వనన్నందుకు అంత నష్టం జరిగింది. గ్రూపులో పూలబొమ్మలు పెట్టినవాళ్లు ఈ లెక్క ఎక్కడ వేస్తారు?

ఆ బిళ్ల అమ్మకు ఇప్పించకుండా విడిచిపెట్టనని అప్పుడే అనుకున్నాను. అలాంటిదే ఒకటి వనపర్తిలో కొట్టించుకుంటే పోయేది కదా అని మీరనవచ్చు. మా అమ్మకు దొంగసాక్ష్యం ఎందుకు? ఆమె చూసింది నిజం. నిజానికి నిజం బిళ్లే కావాలి.

అవకాశం చంద్రుడే ఇచ్చాడు. మన నౌక ఈసారి చంద్రుని మీద దిగుతుందన్న సాయంత్రం బడిలో పెద్ద టీవీ ముందు ఊరంతా చేరింది. ఆయనప్పటికే పదవీ విరమణ చేశాడు. అయినా ఎవరూ పిలవకుండానే ముందు వరుసలో కూర్చున్నాడు. నౌక దిగింది. జనం ఎగిరారు, ఈలలు వేశారు. ఆయన కళ్లు తుడుచుకోవడం చూశాను, అది కూడా అందరూ చూసేలాగే తుడుచుకున్నాడు. పదిరోజుల్లో బిళ్లలు వచ్చాయి. మళ్లీ బడిలోనే అందరినీ పోగుచేసి, ఆ రోజు టీవీ ముందు ఉన్న ప్రతి ఒక్కరికీ తగిలించాడు. సర్పంచికి, చాయ్ తెచ్చినవాడికి, నిద్రపోయిన ముసలాయనకు కూడా. చివరికి నా దగ్గరికి వచ్చాడు. బొటనవేలు నాలుకకు అద్దుకుని, బిళ్ల తుడిచి, మొదటిసారి నా చొక్కా పట్టుకున్నాడు.

నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"ఆగు సారూ. దీన్ని మనం యాడ చూసినం?"

"టీవీల."

"టీవీల కనవడ్డది చంద్రుడేనా?"

"చంద్రుడే."

"గాదు సారూ. కంప్యూటర్ గీసిన బొమ్మ, పక్కపొంటి అంకెలు. గది చూసినోళ్లంత సాక్షులైన్రు. మా అమ్మ పసుపునీళ్లల్ల చూసింది అసలు సూర్యుని నీడ. ఆమె సాక్షి కాదా?"

ఆయనను మాట లేకుండా చూడటం నా ఉద్యోగజీవితంలో అదొక్కసారే. మెడ నిటారుగా అయింది. మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. తప్పయిందని ఇప్పుడంటాడు, ఇంటికి వచ్చి అమ్మ చేతిలో పెడతాడు అనుకున్నాను.

"గా గ్రహణం బిళ్లలు అయిపోయినయ్ పండితా" అన్నాడు.

"మల్ల కొట్టియ్యి."

"అయిపోయినదానికి మల్ల కొడితే అది దొంగబిళ్ల. ఒక్క గ్రహణానికి ఒక్కసారే."

"మరి నీ కోటు మీదున్నదేంది?"

నల్లబిళ్ల మీది నారింజ కొడవలి, సరిగ్గా గుండె మీద. ఆయన దాని మీద అరచేయి మూశాడు.

"ఇది నాది."

ఆ రెండు మాటలే. చంద్రుని బిళ్ల నేను తీసుకోలేదు. ఆయన చేతిలోనే ఉంచేసి వచ్చాను. తర్వాత బజారులో ఎదురైనప్పుడు నమస్తే కూడా పెట్టలేదు. ఆయన మాత్రం "ఏం పండితా, మబ్బు పట్టిందా?" అని అడుగుతూనే పోయేవాడు.

ఆయన చావుకు వెళ్లాను. పగవాడి చావుకు పోకపోతే తప్పు మన మీదికి వస్తుంది. పోయినంత మాత్రాన క్షమించినట్టు కాదు. ఆ కోటుతోనే పంపాలని ఎప్పుడో చెప్పి పెట్టాడట, ఆయన భార్య అలాగే తొడిగించింది. మోస్తున్నంతసేపూ పాడె మీద అదే గలగల. నా ముందు నడిచేవాళ్లు ఏడ్చారు. నాకు మాత్రం ఆ చప్పుడు వినగానే అలవాటు కొద్దీ తల దించుకోవాలనిపించింది.

వాగు ఒడ్డున కట్టెలు పేర్చే మనిషి అడ్డం పడ్డాడు.

"గీ రేకులతోని పైన పెట్టొద్దు. కాలయి, సల్లారినంక బూడిద ఎత్తెటప్పుడు చేతులు కోస్తయ్. తియ్యున్రి."

ఆయన తమ్ముడు కోటు విప్పించి, ఎవరైనా తీసుకుంటారా అన్నట్టు చుట్టూ చూశాడు. శవం ఒంటి మీది బట్ట ఇంటికి తీసుకుపోయేవాళ్లెవరు? గ్రహణంలో పల్లీలు తిన్న ఆయన శిష్యులంతా అక్కడే ఉన్నారు. ఒక్కడూ చేయి చాపలేదు. కొందరు రెండడుగులు వెనక్కి కూడా వేశారు. తమ్ముడు దాన్ని పక్కనున్న సర్కారుతుమ్మ కొమ్మకు తగిలించాడు. చితి అంటుకుంది. జనం వెనక్కి తిరగకుండా స్నానాలకు వెళ్లిపోయారు.

నేను వెనక ఆగాను. గాలికి కోటు ఊగుతోంది. అన్ని బిళ్లలూ మెరుస్తున్నాయి, అంగారకుడు, ఎర్రచంద్రుడు, ఆ ఉత్త నల్లబిళ్ల, అన్నీ. కాటికి పోయి వచ్చినప్పుడు గడపలో నీళ్లు లేకపోతే ఇంట్లోకి అడుగుపెట్టని మనిషిని నేను. చచ్చినవాళ్ల వస్తువు తాకకూడదని పిల్లలకు చెప్పి పెంచినవాణ్ని. ముళ్లకొమ్మలోకి చేయి పెట్టి నారింజ కొడవలి బిళ్ల ఒక్కటే విప్పాను. పిన్ను బిగుసుకుపోయి ఉంది, వేలికి దిగింది. పోతూ పోతూ నన్ను గుచ్చడం కూడా మిగల్చలేదు.

మిగతావి ముట్టుకోలేదు. అవి నాకు రావలసినవి కావు.

బయట బోరు దగ్గర తలస్నానం చేసి, బిళ్లను ఇత్తడి పళ్లెంలో పసుపునీళ్లు పోసి అందులో వేశాను. ఆయన దినాలు అయిపోయేదాకా దాన్ని ఇంట్లోకి తేలేదు. గోడ మీద పెంకు కింద దాచాను. ఆయన పోయినట్టు అమ్మకు చెప్పలేదు. ఈ మధ్య ఎవరి చావు కబురు చెప్పినా ఆ పూట అన్నం ముట్టడం లేదు. మంచం దిగి వాకిట్లోకి రావడమే ఆమెకిప్పుడు పెద్ద ప్రయాణం.

దినాలైన మరునాడు పొద్దున్నే ఎండలో కూర్చోబెట్టి అరచేతిలో పెట్టాను. కళ్ల దగ్గరికి తెచ్చుకుని, దూరం పెట్టి, మళ్లీ దగ్గరికి తెచ్చుకుంది.

"కొడవలి" అంది. "గా పొద్దుటిది."

"గదే అమ్మా."

"యాడిది? ఎవలిచ్చిన్రు?"

కాట్లో తుమ్మకొమ్మ నుంచి తెచ్చానంటే విసిరేస్తుంది. కొట్టించానంటే పెట్టుకోదు. ఆ ప్రశ్నకు ఆమె ఒప్పుకునే జవాబు ఒక్కటే ఉంది. అది నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది.

"సైన్సు సారే ఇచ్చిండు."

"ఆయినెనా?"

"ఆయినెనే."

"నాకిమ్మన్నడా? ఏమన్నడు?"

అప్పటికే నా బొటనవేలు నాలుక మీద ఉంది. ఆమె అరచేతిలోంచి బిళ్ల తీసుకుని దాని ముఖం తుడిచాను. భుజం మీద కొంగును చిటికెడు పట్టి, చర్మానికి తగలకుండా పిన్ను గుచ్చాను. ఒకడుగు వెనక్కి వేసి చూశాను.

"ఇగ నువ్వు సాక్షివి అన్నడు."

అమ్మ కొంగు మీద అరచేయి పెట్టుకుని కూర్చుంది. పక్కింటి వదిన చెంబుతో వచ్చి, బిళ్ల చూసి, "ఎప్పుడిచ్చిండవ్వా సారు?" అనబోయి నా ముఖం చూసి ఆగిపోయింది. "బాగున్నదవ్వా. నీకు మంచిగున్నది" అని వెళ్లిపోయింది.

"మంచోడే గద పాపం" అంది అమ్మ. "నువ్వే ఊకూకె ఆయిన మీద అర్జీలు పెడితివి."

ఇన్నేళ్లు నేను కొట్లాడినదంతా ఆయన మంచితనం కింద జమ అయిపోయింది. కాదని చెప్పే దారి నేనే మూసుకున్నాను.

"మల్ల గ్రహణమెప్పుడట?" అంది అమ్మ. "రోకలి యాడ పడేసిన్రో చూడు కొడుకా. కడిగి ఆరవెట్టు."

రోకలి వడ్లగుమ్మి వెనక దొరికింది. దుమ్ము పట్టి ఉంది కానీ చెద పట్టలేదు. వాకిట్లో బండ మీద రెండు చెంబుల నీళ్లు పోసి కడిగాను. తుడవడానికి గుడ్డ కోసం చూస్తూ, పట్టుకున్న చేయి ఊరికే వదిలాను. అది పడలేదు. పళ్లెం లేదు, పసుపు లేదు, ఆకాశంలో ఏ గ్రహణమూ లేదు. నిండు ఎండలో, తడిబండ మీద రోకలి నిటారుగా నిలబడింది.

అమ్మ చూడకముందే దాన్ని తీసి గోడకు ఆనించాను.